వంద మీటర్ల అవతల

జూన్‌లో బడి తెరిచిన మొదటి సోమవారం మా బొప్పాయిలంక హైస్కూలుకి రెండు సర్క్యులర్లు వచ్చాయి. రెండూ ఒకే కవర్లో, ఒకే గుండుసూదికి గుచ్చి, ఒకే సంతకంతో వచ్చాయి.

మొదటిది ఇది: "పాఠశాల ప్రహరీ గోడ నుండి వంద మీటర్ల పరిధిలో చరవాణి గానీ, చరవాణిని పోలిన వస్తువు గానీ, చరవాణి చిత్రపటము గానీ ఉండరాదు. విద్యార్థులు, ఉపాధ్యాయులు, వంట సిబ్బంది, సందర్శకులు అందరికీ ఇది వర్తించును. అతిక్రమించినవారు శాఖాపరమైన చర్యలకు బాధ్యులగుదురు."

రెండోది ఇది: "ఆగస్టు నెలాఖరులోగా ప్రతి విద్యార్థినీ చరవాణి వినియోగమునందు నిష్ణాతునిగా తీర్చిదిద్దవలెను. ఫలితము నూరు శాతమునకు తగ్గినచో ప్రధానోపాధ్యాయులు సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

మా హెడ్మాస్టరు సూర్యభగవాన్ గారు రెండూ మూడేసి సార్లు చదివారు. ఆయనకి రిటైర్మెంటు ఇంకా ఏడు నెలలుంది. ఆ ఏడు నెలలూ ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా గడిపేస్తే చాలని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునే మనిషి.

"విడివిడిగా చదివితే రెండూ బానే ఉన్నాయయ్యా కామేశం. కలిపి చదివితేనే కళ్ళు తిరుగుతున్నాయి" అన్నారు.

"కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం సార్" అన్నాను.

"సామెతలు తర్వాత చెబుదువుగాని. ఈ డిజిటల్ అక్షరాస్యతకి నువ్వే బాధ్యుడివి. సంతకం పెట్టు."

నేను సోషల్ టీచర్ని. లెక్కల మాస్టారూ సైన్సు మేడమూ ఉండగా నేనెందుకని అడిగాను. "సోషల్ మీడియా మరి నీ సబ్జెక్టు కాదుటయ్యా?" అన్నారాయన. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నాకు తెలిసిందేమిటంటే, ఇలాంటి ప్రశ్నకి జవాబు చెబితే ఇంకో పని పడుతుంది. సంతకం పెట్టేశాను.

మర్నాడు వాచ్‌మన్ నూకరాజు టేపు పట్టుకుని ప్రహరీ గోడ నుంచి వంద మీటర్లు కొలిచి రోడ్డు మీద సున్నంతో గీత గీశాడు. ఆ గీత సరిగ్గా వీర్రాజు గేదెల పాక గుమ్మం ముందు పడింది. దాంతో మా టీచర్లందరి ఫోన్లూ పాక చూర్లో చేరాయి. వీర్రాజు మర్యాదస్తుడు, ఒక గేదెని పక్కకి కట్టి మాకు చోటు చేశాడు.

అక్కడొక చిక్కొచ్చింది. మా హాజరు ఫోన్లోనే వెయ్యాలి. ముఖం ఫొటో తీసి పంపాలి. ఆ హాజరు యాప్, బడికి వంద మీటర్ల లోపల ఉంటేనే పనిచేస్తుంది. ఫోను మాత్రం వంద మీటర్ల లోపలికి రాకూడదు. రెండ్రోజులు అందరికీ గైర్హాజరు పడ్డాక సూర్యభగవాన్ గారే ఉపాయం కనిపెట్టారు. ఎడమ కాలు గీతకి అవతల, కుడి కాలు ఇవతల వేసి, ఫోను అవతలి చేత్తో పట్టుకుని, ముఖం మాత్రం ఇవతలికి వంచాలి. అప్పటి నుంచి రోజూ పొద్దున్న తొమ్మిదింటికి పదకొండు మంది టీచర్లం సున్నం గీత మీద వరసగా అలా నిలబడేవాళ్ళం. ఆ దారిన పోయే బస్సు డ్రైవరు మమ్మల్ని చూడ్డానికే కాస్త నెమ్మదిగా నడిపేవాడు.

ఇక చదువు. డిజిటల్ అక్షరాస్యత పాఠ్యపుస్తకం వచ్చింది. అందులో ఫోను బొమ్మలున్న చోటల్లా నల్ల కాగితం అతికించి పంపారు, చిత్రపటం కూడా ఉండకూడదు గనక. అంచేత నేను ఫోనంటే ఏమిటో నోటితో వర్ణించాలి.

"ఫోను అనగా అరచేతిలో ఇమిడే దీర్ఘచతురస్రాకారపు వస్తువు" అని మొదలుపెట్టాను తొమ్మిదో తరగతిలో. నలభై మంది నా వంక జాలిగా చూశారు. వాళ్ళందరూ రాత్రి ఇంటి దగ్గర ఫోను చూసి చూసి కళ్ళు ఎర్రబెట్టుకుని వచ్చిన వాళ్ళేనని నాకూ తెలుసు. కాని పుస్తకం ప్రకారం వాళ్ళకి ఫోను తెలీదు. నేను పుస్తకం ప్రకారం నడుచుకునేవాణ్ణి.

మొదటి బెంచీలో కెజియా అనే పిల్ల లేచింది. మధ్యాహ్న భోజనం వండే దీవెనమ్మ కూతురు. తెలివైన పిల్ల, తెలివిని దాచుకోవడం తెలీని పిల్ల.

"మాస్టారూ, మీ ఫోన్లో ఫాంట్ చిన్నగా ఉందని మొన్న మీరు పాక దగ్గర కళ్ళు చికిలించి చదువుకున్నారు కదండీ, సెట్టింగ్స్‌లో పెంచుకోవచ్చండీ" అంది.

"సెట్టింగ్స్ ఏడో పాఠం. ఇప్పుడు ఒకటో పాఠం జరుగుతోంది. కూర్చో" అన్నాను. ఆ సాయంత్రం పాకలోకి వెళ్ళి అది చెప్పినట్టే పెంచుకున్నాను, అది వేరే సంగతి.

రెండో పాఠం స్క్రోలింగ్. అసలు ఫోన్లో బొమ్మ కదులుతుంది, మనం కదలం. మా దగ్గర నల్లబల్ల గోడకి దిగేసి ఉంది, కదలదు. అంచేత పిల్లల్నే కదిలించాను. "పైకి" అంటే లేవాలి, "కిందికి" అంటే కూర్చోవాలి. పీరియడ్ అయ్యేసరికి నలభై మంది చేతా నూటేసి గుంజీలు తీయించినట్టయింది. ఛార్జింగు పాఠం భోజనాల గంటకి పెట్టాను, అది మాత్రం అందరూ శ్రద్ధగా నేర్చుకున్నారు.

పదకొండో పేజీలో ఓటీపీ గురించి ఉంది. "ఓటీపీని ఎవ్వరికీ తెలుపరాదు. అడిగినవారు ఎంతటి ఉన్నతాధికారులైనను తెలుపరాదు." దీన్ని రోజూ ప్రార్థన తర్వాత మూడుసార్లు బడంతా కలిసి అరవాలని ఆదేశం. పిల్లలు అరిచేవాళ్ళు. రోజూ వినీ వినీ వీర్రాజు కూడా పాలు పితుకుతూ గేదెలకి అదే చెప్పేవాడు.

జూలై ఆఖర్లో పరీక్ష పెట్టాం. పాతిక మార్కులు. ప్రశ్నలూ, జవాబుల కీ పైనుంచే వచ్చాయి. మొదటి ప్రశ్న: ఫోనును ఎట్లు తెరుచుదురు? కీలో జవాబు: "ఫోను కుడి ప్రక్కనున్న మీటను మూడు సెకనులు బలముగా నొక్కవలెను." కెజియా ఇలా రాసింది: "మా అమ్మ వేలు పెడితే తెరుచుకుంటుంది. అమ్మ నిద్రపోతుంటే ఇంకా సులువు."

నేను సున్నా వేశాను. ఏం చెయ్యను? కీలో వాళ్ళమ్మ లేదు. మొత్తం మీద దానికి పాతిక్కి నాలుగొచ్చాయి. ఎప్పుడూ ఫోను ముట్టుకోని, ఇంట్లో ఫోనే లేని ఒక్క కుర్రాడికి పాతిక్కి పాతికొచ్చాయి. వాడు పుస్తకం బట్టీ పట్టాడు.

ఈలోగా ఆగస్టు వచ్చింది. జిల్లా డిజిటల్ అక్షరాస్యతా సమన్వయాధికారి త్రివిక్రమరావు గారు మా బడికొక పెట్టె పంపించారు. స్టీలు పెట్టె, బీరువాలో సగం ఉంటుంది. దాని పేరు "సురక్షిత చరవాణి నిక్షేప పేటిక". గేదెల పాకలో ప్రభుత్వోద్యోగుల ఫోన్లు ఉండటం శాఖ గౌరవానికి భంగమని ఎవరో రాశారట. పెట్టెలో ఉన్న ఫోను ఉన్నట్టు కాదని, నిక్షేపమైనట్టని ఒక వివరణ పత్రం కూడా వచ్చింది. దానికి తాళంచెవి లేదు. ముందు భాగంలో ఒక మీట, అంకెల పలక ఉన్నాయి. మీట నొక్కితే హెడ్మాస్టరు గారి నంబరుకి ఓటీపీ వస్తుంది. అది కొడితే తలుపు తెరుచుకుంటుంది.

నూకరాజు దాన్ని గేటు పక్కన పెట్టించాడు. మా ఫోన్లన్నీ అందులో పెట్టేవాళ్ళం. సూర్యభగవాన్ గారి ఫోను ఒక్కటే పాక చూర్లో ఉండిపోయింది. సాయంత్రం నూకరాజు మీట నొక్కి ఈల వేస్తే, ఆయన పాక దగ్గర అంకెలు చూసుకుని, పైకి చదవకుండా పెదాలతో వల్లె వేసుకుంటూ వంద మీటర్లూ నడిచొచ్చేవారు. దారిలో ఎవరైనా నమస్కారం పెడితే అంకెలు మర్చిపోయి మళ్ళీ వెనక్కి వెళ్ళేవారు. ఊళ్ళో ఆయనంటే గౌరవం ఎక్కువ, అంచేత ఒక్కోరోజు పెట్టె తెరవడానికి ముప్పావుగంట పట్టేది.

ఆగస్టు ఇరవై ఎనిమిదిన తనిఖీకి త్రివిక్రమరావు గారే స్వయంగా వచ్చారు. తెల్ల చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, మాటకి ముందు ఒక దగ్గు. గేటు దగ్గర పెట్టె చూసి మురిసిపోయారు.

"ఇది నా మానసపుత్రిక. దీనియందు ఆరంచెల భద్రత నిక్షిప్తమై ఉన్నది. హెడ్మాస్టరు గారూ, తమ చరవాణి ఎక్కడ?"

"పాకలో ఉందండి" అన్నారు సూర్యభగవాన్ గారు.

"నియమమునకు మినహాయింపులా? నేనే నా చరవాణిని సమర్పిస్తున్నాను. తమరును తక్షణం సమర్పించండి. ఆదర్శం పైనుంచి ప్రవహించవలె."

సూర్యభగవాన్ గారు నోరు తెరిచారు. నేనూ తెరిచాను. ఆయనకి ఏడు నెలల్లో అయిదు మిగిలాయి, నాకు ఇంకో పని పడుతుందని భయం. ఇద్దరం నోళ్ళు మూసేశాం. నూకరాజు పరుగున వెళ్ళి ఫోను తెచ్చాడు. అప్పుడే వంటకి వస్తున్న దీవెనమ్మ ఫోనూ, అధికారి గారి రెండు ఫోన్లూ, ఆయన డ్రైవరుదీ అన్నీ లోపల పెట్టి తలుపు మూశారు. కటుక్కుమని చప్పుడైంది. ఫొటో తియ్యడానికి ఫోను లేదు గనక డ్రాయింగు మాస్టారు చేత ఆ ఘట్టం పెన్సిలుతో గీయించారు.

తనిఖీ దివ్యంగా జరిగింది. పిల్లలు స్క్రోలింగ్ చేసి చూపించారు. "విద్యుత్తు అక్కరలేని డిజిటల్ విద్య! రాష్ట్రంలోనే ప్రథమం!" అని త్రివిక్రమరావు గారు డైరీలో రాసుకున్నారు. పదకొండో పేజీ విని ఆయన కళ్ళు చెమర్చాయి. నా భుజం కూడా తట్టారు. ఆ క్షణంలో నేను గొప్పవాణ్ణేమో అనిపించిన మాట నిజం.

మూడున్నరకి వంద మీటర్ల అవతలి నుంచి కేకలు వినిపించాయి. గ్రామ సచివాలయంలో పనిచేసే అమ్మాయి స్కూటీ మీద వచ్చి సున్నం గీత దగ్గర ఆగి అరుస్తోంది. ఆమె దగ్గర ఫోనుంది, గీత దాటకూడదు. నూకరాజు మధ్యలో నిలబడి ఆ కేకల్ని మాకు అందించాడు.

"మన కెజియాకి గురుకులంలో సీటొచ్చిందంటండీ! రెండో జాబితాలోనండీ! ఇంటర్ దాకా చదువూ, తిండీ, హాస్టలూ అన్నీ ఉచితమంటండీ! కానండీ..."

"కానేమిటి?"

"అయిదింటిలోపు ఒప్పుకోవాలంటండీ! దీవెనమ్మ ఫోనుకి మెసేజీ వచ్చిందంట, అందులోంచే కొట్టాలంట! అయిదు దాటితే వెనకాల పిల్లకి ఇచ్చేస్తారంట!"

అధికారి గారికి సాయంత్రం ఫలహారం చేస్తున్న దీవెనమ్మ గరిటె కిందపెట్టి పరిగెత్తుకొచ్చింది. రెండేళ్ళ నుంచీ ఆ సీటు కోసం ఆమె ఎన్ని ప్రార్థనలు చేసిందో మా అందరికీ తెలుసు. పదో తరగతి తర్వాత పిల్లని టౌనుకి పంపి చదివించే దారి ఆమెకి లేదు. ఇది పోతే అది కూడా నా వెనకాల గిన్నెలు తోముకోవడమేనండీ అని ఎన్నోసార్లు అంది.

"నా ఫోనిప్పించండి బాబూ" అంది.

నూకరాజు మీట నొక్కాడు. పెట్టె మీద అక్షరాలు వెలిగాయి: రిజిస్టరయిన నంబరుకి ఓటీపీ పంపబడినది.

పెట్టె లోపల టింగుమంది.

అందరం సూర్యభగవాన్ గారి వంక చూశాం. ఆయన పెట్టె వంక చూశారు.

"మరోమారు యత్నించండి" అన్నారు త్రివిక్రమరావు గారు.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ లోపల టింగుమంది. ఎంతో స్పష్టంగా, శ్రద్ధగా, మాకు సాయం చెయ్యాలని తపన పడుతున్నట్టు మోగింది.

"కంగారు పడవలసిన పని లేదు. ఇట్టి సందర్భముల కొరకే సహాయ కేంద్రమున్నది" అని అధికారి గారు పెట్టె మీదున్న నంబరు కాగితం మీద రాసుకుని గీత దాకా నడిచారు. సచివాలయం అమ్మాయి ఫోను అవతల పట్టుకుంటే ఈయన ఇవతల నుంచి మాట్లాడారు. అవతలి గొంతు మర్యాదగా చెప్పింది: "తప్పకుండా తెరుస్తాం సార్. ముందు మీరే అసలైన వినియోగదారులని నిర్ధారించుకోవాలి. మీ రిజిస్టర్డ్ నంబరుకి ఓటీపీ పంపాం, చెప్పండి."

వెనక గేటు దగ్గర్నుంచి నూకరాజు కేక వేశాడు. "టింగ్ మందండీ!"

నాలుగూ పది అయింది. దీవెనమ్మ పెట్టె ముందు కూలబడింది. "పగలగొట్టండి బాబూ, మీకు పుణ్యముంటుంది" అంది.

"ప్రభుత్వ ఆస్తి. ధ్వంసము చేయుటకు ముందు త్రిసభ్య సంఘము వేయవలె. సంఘము సమావేశమగుటకు వారం రోజుల నోటీసు ఇవ్వవలె" అన్నారు త్రివిక్రమరావు గారు. అయితే ఆయన గొంతులో మునుపటి బలం లేదు. ఆయన ఫోన్లు కూడా రెండూ అందులోనే మోగుతున్నాయి, పై అధికారిదేనేమో ఒకటి ఆగకుండా మోగుతోంది.

నాకు సిగ్గేసింది. ఆ పిల్లకి మూడు నెలలుగా నేను నేర్పిందేమిటంటే లేవడం, కూర్చోవడం. సంతకం పెట్టిన నాడే అడగాల్సిన మాట అప్పుడు అడగలేదు, పొద్దున్న పెట్టె మూస్తున్నప్పుడూ అడగలేదు.

కెజియా ఏడవలేదు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక్కి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"మాస్టారూ, ముందు తలుపుకే కదండీ తాళం? వెనకాల రేకు నాలుగు మరలతో బిగించారండీ, అంతే."

ఆరంచెల భద్రత అంతా ముందువైపే ఉంది. తయారుచేసినవాళ్ళు దాన్ని గోడకి ఆనించి పెడతారనుకున్నారు కాబోలు. నూకరాజు మాత్రం ఎండ తగిలి పాడవుతుందని గేటు పక్కనున్న వేపచెట్టు నీడలోకి లాగి పెట్టాడు.

"అమ్మా, అట్లకాడ పట్రా" అంది కెజియా.

"ఇది అనధికార ప్రవేశము! దీనిని హ్యాకింగ్ అందురు!" అని త్రివిక్రమరావు గారు అరిచారు.

"అది తొమ్మిదో పాఠం సార్. ఇంకా చెప్పలేదు" అన్నాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక అధికారికి నేను ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

అట్లకాడ అంచు మరల గాడిలో అచ్చంగా కుదిరింది. మొదటి మూడూ తేలిగ్గానే వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి మొరాయించింది. దీవెనమ్మ కూతుర్ని పక్కకి జరిపి, పదేళ్ళుగా మూడొందల మందికి ఉప్మా కలిపిన చేత్తో ఒక్క తిప్పు తిప్పింది. రేకు ఊడి కింద పడింది. ఫోను తీశారు. నాలుగూ నలభై ఏడు.

"ఆగండి! వంద మీటర్ల లోపల వాడరాదు!" అన్నారు సూర్యభగవాన్ గారు. భయం కొద్దీ అన్నారు గాని, అని వాళ్ళకంటే ముందు ఆయనే పరుగందుకున్నారు. ఆయన వెనక తల్లీ కూతుళ్ళు, వాళ్ళ వెనక నేను, నా వెనక దగ్గుతూ త్రివిక్రమరావు గారు. సున్నం గీత దాటి పాకలో పడ్డాం. గేదెలు లేచి నిలబడ్డాయి.

దీవెనమ్మ వేలు పెట్టింది. తెరుచుకోలేదు. వేలికి పసుపూ పిండీ అంటుకుని ఉన్నాయి. వీర్రాజు చెంబుతో నీళ్ళు పోశాడు. కడుక్కుని, చీర చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. తెరుచుకుంది. నేను సున్నా వేసిన జవాబు నా కళ్ళ ముందే పనిచేసింది.

కెజియా రెండు బొటనవేళ్ళతో టకటకా కొట్టింది. టింగుమని ఓటీపీ వచ్చింది. త్రివిక్రమరావు గారు రొప్పుతూ చెయ్యి చాపారు. "ఇటు చెప్పమ్మా ఆ అంకెలు. నేను స్వయముగా నమోదు చేసెదను. రేపు పత్రికలకు..."

కెజియా ఫోను గుండెలకి ఆనించుకుంది.

"చెప్పకూడదండీ."

"నేనెవరో ఎరుగుదువా?"

"ఎంతటి ఉన్నతాధికారులైనను తెలుపరాదండీ. పదకొండో పేజీ" అంది.

ఆయన చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. వెనకాల వీర్రాజు "అవునండీ, రోజూ వింటన్నాంగా" అన్నాడు. కెజియా అటు తిరిగి తనే అంకెలు కొట్టుకుంది. నాలుగూ యాభై నాలుగుకి "మీ సీటు ఖరారైనది" అని వచ్చింది. దీవెనమ్మ నేల మీద కూర్చుని బావురుమంది. నాకూ కళ్ళనీళ్ళొచ్చాయి, చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు.

పదిరోజులకి త్రివిక్రమరావు గారి నివేదిక మీద మూడో సర్క్యులర్ వచ్చింది. "పేటిక ముందు భాగము సంపూర్ణముగా సురక్షితమని తనిఖీలో రుజువైనది. ఇకపై అట్లకాడలు, గరిటెలు, మరలు విప్పుటకు వీలగు ఎట్టి వస్తువులైనను వంద మీటర్ల పరిధిలో ఉండరాదు. అయితే ప్రతి విద్యార్థికిని మరలు విప్పుటయందు శిక్షణ నొసగవలెను." దానికీ బాధ్యుణ్ణి నేనే. సంతకం పెట్టాను.

"మరి రేపు ఉప్మా దేంతో కలపాలండీ?" అని అడిగింది దీవెనమ్మ. అప్పటి నుంచి పొయ్యి వీర్రాజు పాక పక్కకి మారింది. గేదెని ఇంకాస్త జరిపాడు.

మొన్న పొద్దున్న గీతకి అటో కాలూ ఇటో కాలూ వేసి హాజరు వేసుకుంటుంటే, దీవెనమ్మ కార్డు ముక్క పట్టుకొచ్చింది. గురుకులం నుంచి కెజియా రాసింది. అద్దాలు లేవు చదివిపెట్టండి మాస్టారూ అంది. చదివాను.

"అమ్మా, ఇక్కడ కూడా ఫోన్లు నిషేధం. అందుకని కార్డు రాస్తున్నాను. ఇక్కడ కూడా డిజిటల్ అక్షరాస్యత ఉంది. పరీక్ష పెట్టారు. ఫోను ఎలా తెరుస్తారు అని అడిగితే, కుడి పక్క మీట మూడు సెకన్లు బలంగా నొక్కాలి అని రాశాను. పాతిక్కి పాతిక వచ్చాయి. క్లాసు ఫస్టు. అబద్ధం రాసినందుకు నాకోసం ఆదివారం ప్రార్థన చెయ్యి."

దీవెనమ్మ తన బొటనవేలి వంక చూసుకుంది. చీర చెంగుతో ఒకసారి తుడుచుకుంది.

"అది అబద్ధం కాదు దీవెనమ్మా. అది కీ" అన్నాను.